ఈ ఒక్క రాత్రి కొట్టుకోకుండా ఉంటే చాలు

పేజీని రిఫ్రెష్ చెయ్యకు.

వేలు దురద పెడుతోందని తెలుసు. అయినా చెయ్యకు. ఒక్కసారి నొక్కితే క్యూలో నీ చోటు పోవచ్చు. తెర మీద సన్నటి గీత ఒకటి కదిలీ కదలనట్టు కదులుతోంది. దాని కింద, నీకంటే ముందు ఎంతమంది ఉన్నారో చెప్పే అంకె. ఒకట్లు, పదులు, వందలు అంటూ తెర మీద వేలు పెట్టి లెక్కపెడతావు. లక్ష దాటింది. నమ్మలేక మళ్లీ లెక్కపెడతావు. అవును, లక్షే.

2024 ఆగస్టు 31, శనివారం. బ్రిటన్‌లో ఉదయం తొమ్మిది దాటింది. వంటగది బల్ల మీద లాప్‌టాప్, పక్కన ఫోను, దాని పక్కన చల్లారిపోయిన టీ. ఫోనులో స్నేహితుల గ్రూపు మోగుతూనే ఉంది. ఒకడికి సైటు తెరుచుకోనే లేదు. ఇంకొకామెను, గంటసేపు క్యూలో ఉన్నాక, నువ్వు మనిషివి కాదు రోబోవి అని సైటు బయటికి నెట్టేసింది. ఆమె ఏడుపు బొమ్మలు పంపుతోంది. నీకు జాలేస్తుంది. ముందున్నవాళ్లలో ఒకరు తగ్గారన్న సంతోషం కూడా, ఎక్కడో అడుగున, వేస్తుంది. సిగ్గుపడకు. ఈ ఉదయం అందరి బుద్ధీ ఇలాగే ఉంది.

ఎందుకింత ఎగబడటం? మొన్న మంగళవారం పొద్దున ఎనిమిదికి కబురొచ్చింది, ఒయాసిస్ మళ్లీ కలుస్తోందని. మాంచెస్టర్ శివారు బర్నేజ్‌లో పెరిగిన ఇద్దరు అన్నదమ్ముల బ్యాండ్ అది. అన్న నోయెల్ గాలహర్ పాటలు రాస్తాడు, గిటారు వాయిస్తాడు. తమ్ముడు లియామ్ పాడతాడు. 1994లో మొదటి ఆల్బమ్, మరుసటేడు రెండోది. 1996 ఆగస్టులో నెబ్‌వర్త్ మైదానంలో రెండు రాత్రులు పాడితే రాత్రికి 1,25,000 మంది వచ్చారు. టికెట్ల కోసం ప్రయత్నించినవాళ్లు 25 లక్షల పైమాటే. ఆ తర్వాత పదమూడేళ్లకు, 2009 ఆగస్టు 28న, పారిస్‌లో వేదిక ఎక్కాల్సిన సమయానికి డ్రెస్సింగ్ రూములో ఇద్దరూ కలబడ్డారు. గిటారు విరిగింది. వీడితో ఇంకొక్క రోజు కూడా పనిచెయ్యలేనని చెప్పి అన్న వెళ్లిపోయాడు. ఆ రోజు నుంచి ఇద్దరూ కలిసి ఒక్క పాట పాడలేదు. తిట్టుకోవడం మాత్రం ఆపలేదు. తమ్ముడు ఏళ్ల తరబడి ట్విటర్‌లో అన్నను బంగాళాదుంప అని పిలిచాడు.

అంకె తగ్గుతోంది. 80 వేలు. 60 వేలు. బాత్రూముకి వెళ్లాలి. వెళ్తే? సరిగ్గా అప్పుడే నీ వంతు వస్తే? లాప్‌టాప్ చంకలో పెట్టుకుని వెళతావు. నవ్వకు. ఈ దేశంలో ఇవాళ ఆ పని చేసింది నువ్వు మాత్రమే అయ్యుండవు.

మధ్యాహ్నం దాటాక తెర తెల్లబడుతుంది. గుండె జారుతుంది. మరుక్షణం స్టేడియం పటం తెరుచుకుంటుంది. లోపలున్నావు.

ఒక చుక్క నొక్కుతావు. వేరెవరో తీసుకున్నారట. ఇంకోటి నొక్కుతావు. అదీ పోయింది. మూడోది. పోయింది. చుక్కలు నీ కళ్లముందే ఆరిపోతున్నాయి. పటాన్ని కిందికి జరుపుతావు. కార్డిఫ్. 2025 జులై 4. పదహారేళ్లకు వాళ్లు పాడే మొదటి రాత్రి. నిల్చుని చూసే చోటు, ఒక్కటి.

ధర 355 పౌండ్లు.

కళ్లు నులుముకుంటావు. మొదట చెప్పిన ధర దీంట్లో సగం కూడా లేదు. 355 పౌండ్లంటే సుమారు 39 వేల రూపాయలు. గిరాకీ చూసి అప్పటికప్పుడు రేటు పెంచుతున్నారు. వచ్చే వారమే దీనిమీద బ్రిటన్ పోటీ నియంత్రణ సంస్థ విచారణ మొదలుపెడుతుంది. ఈ ధరల సంగతి మాకు తెలియదని బ్యాండ్ చెప్పుకుంటుంది. అదంతా తర్వాత. ఇప్పుడు నీ ముందు ఒక గడియారం వెనక్కి తిరుగుతోంది.

మూడు నిమిషాలు. ఇంటద్దె కట్టాలి.

రెండు. మధ్యలో పది నెలలున్నాయి. ఈలోగా మళ్లీ కొట్టుకుంటే? డబ్బు తిరిగొస్తుందిలే. రాత్రి తిరిగి రాదు.

ఒకటి. కార్డేది? కోటు జేబులో. కోటేది? మెట్ల దగ్గర. పరుగెత్తు. మోకాలు తగిలింది. తగలనీ. వెనకవైపు మూడంకెలు. చెరిగిపోయాయి. వెలుతురుకి పెట్టు. ఏడా, ఒకటా? ఏడు. ఏడే.

నొక్కు.

నొక్కావు.

ఇక్కడి నుంచి పది నెలలు నువ్వు చేసే పని ఒకటే. పొద్దున లేవగానే వాళ్లిద్దరూ ఏమైనా అనుకున్నారేమోనని వార్తలు చూడటం. పొలం గట్టు కోసం పలకరింపులు మానేసిన అన్నదమ్ములు ఒకే పెళ్లి పందిట్లోకి వస్తున్నారని తెలిస్తే చుట్టాలంతా ఎలా ఊపిరి బిగబట్టి కూర్చుంటారో, అలాగే ఉంది నీ పరిస్థితి. వేదిక ఎక్కేనాటికి అన్నకు 58 ఏళ్లు, తమ్ముడికి 52. ఈ వయసులోనైనా బుద్ధి రాకపోతుందా అనుకుంటావు. వయసుతో బుద్ధి వచ్చేదైతే ఊళ్లలో కోర్టు కేసులుండవు. ఆ సంగతీ నీకు తెలుసు.

2025 జులై 4 వచ్చింది. శుక్రవారం. కార్డిఫ్ వెళ్లే రైల్లో నిలబడటానికే చోటు లేదు. ఎండాకాలంలో పార్కాలనే మందపాటి చలికోట్లు తొడుక్కుని చెమటలు కక్కుతున్నారు జనం. ఎటు చూసినా గుండ్రటి గుడ్డ టోపీలే. నీ మోచేతి పక్కన యాభై దాటిన ఒకావిడ, ఆవిడ పక్కన పదహారేళ్ల కొడుకు. తాను నెబ్‌వర్త్‌కి వెళ్లానంటుంది. వీడు వాళ్లు విడిపోయిన ఏడు పుట్టాడంటుంది.

“ఈ రాత్రి కొట్టుకుంటారంటావా?” అని నిన్ను అడుగుతుంది.

“వేదిక దిగాక కొట్టుకున్నా పర్లేదు” అంటావు.

పెట్టెలో ఎవరో ఒక పాట ఎత్తుకుంటారు. రెండో పంక్తికి పెట్టె మొత్తం అందుకుంటుంది. నీ నోరు నిన్నడక్కుండానే తెరుచుకుంది. చూసుకున్నావా?

స్టేషన్ బయటికి రాగానే వీధులన్నీ ఒకే దిక్కుకి నడుస్తున్నాయి. స్టేడియం ఊరి బయటెక్కడో లేదు. ఊరి నడిబొడ్డున, టాఫ్ నది ఒడ్డున, దుకాణాల మధ్య నుంచి ఓడలా లేచి ఉంటుంది. 70 వేలకు పైగా పడతారు. రెండు రకాల జనం కనిపిస్తారు: వీళ్లను అప్పుడు చూసినవాళ్లు, అప్పటికి పుట్టనివాళ్లు. రెండో రకమే ఎక్కువ గట్టిగా పాడుతున్నారు. చూడనిదాని మీద బెంగ చూసినదాని మీదకంటే గట్టిదేమో.

లోపలికి వచ్చావు. ఇప్పుడు మొదటి నిర్ణయం. ముందుకు వెళ్తావా, వెనక ఉంటావా?

ముందుకెళ్తే లియామ్ ముఖం కనిపిస్తుంది. నీళ్లకీ బాత్రూముకీ ఇంక దారుండదు. వెనకుంటే అన్నీ ఉంటాయి, మనుషులు మాత్రం బొటనవేలంత కనిపిస్తారు. రైల్లో కలిసినావిడ సౌండ్ డెస్క్ వెనక ఒక చోటు చూసుకుని కొడుకుతో నిలబడుతుంది. “ఇక్కడే ఉండు, చెవికి బాగుంటుంది” అంటుంది. నువ్వు వినవు. 355 పౌండ్లు పెట్టింది చెవి కోసమా?

ముందుకెళతావు. సందు దొరికినప్పుడల్లా ఒక్కో అడుగు. లివర్‌పూల్ బ్యాండ్ కాస్ట్ పాడి వెళ్లిపోతుంది. తర్వాత గాయకుడు రిచర్డ్ ఆష్‌క్రాఫ్ట్ వస్తాడు. ఇంకో రోజైతే ఇతని కోసమే వచ్చి ఉండేవాడివో, ఉండేదానివో. ఇవాళ మాత్రం అతను త్వరగా ముగిస్తే బాగుండు అనిపిస్తుంది. అన్యాయమే. అందరిదీ అదే అన్యాయం.

అతను వెళ్లాక జనం చిక్కబడతారు. నీ చేతులు కిందికి ఉన్నాయి. పైకి తియ్యాలని చూస్తావు. రావట్లేదు. పక్కవాడి భుజానికీ నీ భుజానికీ మధ్య గాలి లేదు.

గుర్తొస్తుంది: సరిగ్గా నెల కింద, జూన్ 4న, బెంగళూరు చిన్నస్వామి స్టేడియం బయట క్రికెట్ సంబరంలో గుంపులో నలిగి 11 మంది పోయారు. అంతకు ముందు డిసెంబరులో హైదరాబాద్‌లో ఒక సినిమా హాలు దగ్గర ఒక తల్లి. బ్రిటన్‌కీ ఆ గాయం ఉంది. 1989లో షెఫీల్డ్‌లోని హిల్స్‌బరో మైదానంలో ఫుట్‌బాల్ చూడటానికి వెళ్లిన 97 మంది నలిగి చనిపోయారు. తొక్కిసలాట అంటాం కానీ చాలామంది కాళ్లకింద పడి చనిపోరు. నిలబడి ఉండగానే పోతారు. ఊపిరి తీసుకోవాలంటే పక్కటెముకలు విచ్చుకోవాలి. చుట్టూ మనుషులు అదిమిపడితే విచ్చుకోవు. చదరపు మీటరుకు ఐదారుగురు దాటారంటే నీ అడుగు నీది కాదు. గుంపు ఎటు ఒరిగితే నువ్వూ అటే.

చేతులు తియ్యి. ఇప్పుడే. పాట మొదలవకముందే. ఒక చెయ్యి. రెండో చెయ్యి. బాక్సర్ లాగా ఛాతీ ముందు పెట్టుకో. ఆ కాస్త సందే నీ ఊపిరి.

ఎనిమిదింబావు. దీపాలు ఆరతాయి.

తెర మీద వార్తాపత్రికల శీర్షికలు, ఈ కలయిక కబురు విని లోకం వేసిన కేకలు పరుగులు తీస్తాయి. ఇళ్లలో, బస్సుల్లో, నీలాగే వంటగదుల్లో కూర్చున్నవాళ్లు వేసిన కేకలు. వాళ్ల పాత ప్రవేశ సంగీతం మోగుతుంది. నేల అదురుతుంది. అరికాలు నుంచి మోకాలికి, మోకాలి నుంచి పళ్లకి పాకుతుంది ఆ అదురు.

వచ్చారు.

ఇద్దరూ. చెయ్యీ చెయ్యీ పట్టుకుని.

పట్టుకున్న చేతులు పైకెత్తుతారు. నీ చుట్టూ ఉన్నవాళ్లు అరవడం ఆపేస్తారు, ఒక్క క్షణం. నీ ముందున్న బట్టతలాయన భుజాలు కుదుపుతున్నాయి. నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో వెనక నుంచి తెలియదు.

మొదటి పాట ‘హలో’. ఇంతకంటే తగినది ఏముంటుంది. లియామ్ అలాగే ఉన్నాడు. చేతులు వెనక్కి, గడ్డం పైకి, తన ఎత్తుకు మించి పెట్టించుకున్న మైకు కిందికి మెడ చాచి. గొంతు? గొంతు ఉంది. ఉందంటే ఉంది. ఇన్నేళ్లలో అది అరిగిపోయిందని ఎందరో రాశారు. నీ చెవులే సాక్ష్యం.

రెండో పాట ‘అక్వీయెస్’. దీంట్లో చరణం తమ్ముడిది, పల్లవి అన్నది. ఒకడు వదిలినచోట ఇంకొకడు అందుకోవాలి. ఒకడు లేకుండా రెండోవాడు పాడలేని పాట. తమ్ముడు చరణం ముగిస్తాడు. సగం క్షణం ఖాళీ. అన్న అందుకుంటాడు.

గుంపు దూకుతుంది.

నీ కాళ్లు నేల మీద లేవు.

ముందుకు. ఇంకా ముందుకు. బట్టతలాయన వీపు నీ చేతులకి. వెనకెవరి గడ్డమో నీ తలకి. బీరు మీద పడింది. ఎవరిదో. చల్లగా ఉంది. మంచిదే. గుంపు ఆగింది. ఇప్పుడు వెనక్కి. కాలు ఆనింది. ఎవరి పాదం మీదో. సారీ. వినపడదు.

మళ్లీ దూకుడు.

ఫోను జారింది.

వంగకు.

పోనీ. వంగకు. వంగితే లేవవు.

ఊపిరి. పొట్టిగా. ఇంకోటి. అరవకు. అరిస్తే గాలి పోతుంది. పక్కన ఒక అమ్మాయి. మొహం తెల్లగా ఉంది. కళ్లు నీ కళ్లలో. నోరు కదులుతోంది. బయటికి, అంటోంది.

ఎటు? ముందు బారికేడ్. నాలుగు వరసలు. వెనక వేల మంది. వెనక్కి తోసి గెలవలేవు. ఎవరూ గెలవలేరు. గుంపుకి ఒక ఊపు ఉంటుంది. ముందుకొచ్చి, ఆగి, వెనక్కి పోతుంది. ఆగిన ఆ క్షణమే నీది. ఏటవాలుగా. పక్కకి. ఒక్క అడుగు.

బారికేడ్ అవతల సిబ్బంది. చెయ్యెత్తు. ఆ అమ్మాయి వైపు చూపించు. చూశారు. చేతులు చాచారు. బట్టతలాయన తిరిగాడు. అర్థమైంది. ఆమె చంకల కింద చేతులేశాడు. నువ్వు కాళ్లు. ఎత్తు. ఆమె తలల మీదుగా పోయింది. అవతలి వాళ్లు అందుకున్నారు. నీళ్ల గ్లాసు. తాగుతోంది. బొటనవేలు చూపించింది.

ఇప్పుడు నువ్వు. ఉంటావా? లియామ్ అక్కడే ఉన్నాడు. చెమట చుక్క కూడా కనిపిస్తోంది. ఇంతకాలం దీనికోసమే.

గుంపు ఆగింది.

పక్కకి. ఒక అడుగు. ఆగు. రానీ. పోనీ. ఇంకో అడుగు. ‘మార్నింగ్ గ్లోరీ’ అయిపోయింది. తర్వాతి పాట. అడుగు. అడుగు. ఎవరో దారిచ్చారు. భుజం విడిపడింది. రెండో భుజం. గాలి. పొడవాటి గాలి, కడుపు దాకా వెళ్లే గాలి.

సౌండ్ డెస్క్ వెనకకి నడిచి వచ్చేసరికి రైల్లో ఆవిడ నిన్ను పై నుంచి కిందికి చూస్తుంది. తడిసిన చొక్కా, ఊడిన లేసులు. ఏమీ అనదు. తన నీళ్ల సీసా ఇస్తుంది. కొడుకు మాత్రం “ముందు ఎలా ఉంది?” అని కళ్లు పెద్దవి చేసుకుని అడుగుతాడు. “బ్రహ్మాండం” అంటావు. నిజమే కదా. ఇదిగో, ఒక మాట చెప్పనివ్వు: ముందు వరసల్లో ఉన్నవాళ్లే గొప్ప అభిమానులన్న లెక్క తప్పు. ముందున్నవాళ్లు బ్యాండ్‌ను చూస్తారు. వెనకున్నవాళ్లు బ్యాండ్‌ను చూస్తున్న జనాన్ని కూడా చూస్తారు. ఈ రాత్రి అసలు దృశ్యం జనమే.

నమ్మకపోతే ఇప్పుడు చూడు. ‘సిగరెట్స్ అండ్ ఆల్కహాల్’ ముందు లియామ్ అందరినీ వెనక్కి తిరగమంటాడు. వేదికకు వీపు పెట్టి, ఒకరి భుజాల మీద ఒకరు చేతులేసుకుని గెంతమంటాడు. ఇన్ని నెలలు ఎదురుచూసి వచ్చిన జనం, అతను చెప్పగానే, అతనికే వీపు చూపిస్తారు. ఇది పోలండ్‌లోని పొజ్నాన్ ఊరి ఫుట్‌బాల్ అభిమానుల అలవాటు. 2010లో ఆ ఊరి జట్టుతో ఆడినప్పుడు మాంచెస్టర్ సిటీ అభిమానులు చూసి నేర్చుకున్నారు. అన్నదమ్ములిద్దరూ సిటీ జట్టు వీరాభిమానులు. నీ కుడి చెయ్యి ఆవిడ భుజం మీద, ఎడమ చెయ్యి పదహారేళ్లవాడి భుజం మీద. గిటారు పడుతుంది. వేలమంది వెన్నులు ఒక్కసారి లేస్తాయి.

మధ్యలో లియామ్ అడుగుతాడు, నలభై వేల పౌండ్లు పోసి కొన్న టికెట్లకు గిట్టుబాటైందా అని. జనం నవ్వుతారు. నువ్వు కూడా నవ్వుతావు, కాస్త ఆలస్యంగా.

గమనించావా, అన్నదమ్ములు ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం లేదు. పాటకీ పాటకీ మధ్య తమ్ముడు జనంతో మాట్లాడతాడు, అన్న గిటారు శ్రుతి చూసుకుంటాడు. అన్న ఒంటరిగా పాడే పాటలకు తమ్ముడు వేదిక దిగి వెళ్లిపోతాడు. వెళ్లినప్పుడల్లా నీకు చిన్న కంగారు. తిరిగొస్తాడా? వస్తాడు. ప్రతిసారీ వస్తాడు. ఆ వచ్చినప్పుడల్లా జనం వేసే కేకలో కొంత సంతోషం, కొంత హమ్మయ్య.

‘లివ్ ఫరెవర్’ చివర్లో తెర మీద ఒక ఫుట్‌బాల్ ఆటగాడి బొమ్మ వస్తుంది. డియోగో జోటా. లివర్‌పూల్ జట్టువాడు, 28 ఏళ్లు. నిన్ననే స్పెయిన్‌లో కారు ప్రమాదంలో చనిపోయాడు. అతనితో పాటు అతని తమ్ముడు కూడా. మాంచెస్టర్ వాళ్లకీ లివర్‌పూల్ వాళ్లకీ పడదని ప్రపంచమంతటికీ తెలుసు. అయినా స్టేడియం అంతా చప్పట్లు కొడుతుంది. పదహారేళ్లవాడు టోపీ తీస్తాడు.

ఇంక మిగిలింది చివరి విడత. ‘డోంట్ లుక్ బ్యాక్ ఇన్ యాంగర్’. 2017 మే నెలలో మాంచెస్టర్ అరీనాలో ఒక సంగీత కచేరీ ముగిశాక బాంబు పేలి 22 మంది చనిపోయారు. మూడు రోజుల తర్వాత సెయింట్ ఆన్స్ స్క్వేర్‌లో మౌనం పాటించి నిలబడ్డ జనంలో నుంచి ఒక గొంతు ఈ పాట ఎత్తుకుంది. మిగతావాళ్లు అందుకున్నారు. ఎవరూ అనుకుని చేసింది కాదు. అప్పటి నుంచి ఈ పాట బ్యాండ్‌ది కాదు, జనానిది. అందుకే పల్లవి దగ్గర నోయెల్ పాడటం మానేసి మనకు వదిలేస్తాడు. నువ్వు పాడతావు. నీ గొంతు నీకే వినపడదు. బాగా పాడావో లేదో ఎప్పటికీ తెలియదు.

‘వండర్‌వాల్’. ‘షాంపేన్ సూపర్‌నోవా’. బాణసంచా. అయిపోయింది. మొత్తం 23 పాటలు. కొట్టుకోలేదు.

బయట స్టేషన్‌కు క్యూ. కార్డిఫ్‌లో ఏ పెద్ద ఆట ముగిసినా ఈ క్యూ తప్పదు, దారుల వారీగా కంచెలు కట్టి నిలబెడతారు. ఫోను లేదు. టైమెంతో పక్కవాణ్ని అడగాలి. గొంతు లేదు. సైగ చెయ్యాలి. రేపు ఇక్కడే ఇంకో రాత్రి, వచ్చే వారం మాంచెస్టర్‌లో. నీకు టికెట్ లేదు. రేపు పొద్దున అన్నదమ్ములు కొట్టుకున్నా నీ వంతు నీకు దక్కింది. ఈ ఆలోచన వచ్చినందుకు ముందు సిగ్గుపడి, తర్వాత హాయిగా ఊపిరి పీలుస్తావు.

ముందు వరసలో పదహారేళ్లవాడు తల్లిని అడుగుతున్నాడు.

“మాట్లాడుకోకుండా ఇంకా ఎవరు మిగిలారమ్మా?”

“స్మిత్స్ ఉన్నారు. మోరిసీ, జానీ మార్. 1987లో విడిపోయారు. వాళ్లదీ మాంచెస్టరే.”

“వాళ్లు కలుస్తారా?”

క్యూ మొత్తం గొల్లున నవ్వుతుంది. ఎవరో వెనక నుంచి, వాళ్లకంటే ముందు మనమంతా పైన కలుస్తాం అని అరుస్తారు. నువ్వు మాత్రం నవ్వవు. కార్డు మీద ఇంకా ఎంత మిగిలిందో లెక్క వేస్తున్నావు.